ముందు తలుపు, తర్వాతే స్పీకరు: నా కారు ఆడియో ప్రాజెక్టు డైరీ

మొదటి వారం: వినడం మాత్రమే

ఈ రోజు స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. కారు నీడలో పెట్టి, ఇంజను ఆపి, అద్దాలు ఎత్తేసి గంటసేపు పాటలు వింటూ కూర్చున్నాను. పక్కన నోట్‌బుక్కు. ఏం బాగాలేదో ముందు రాసుకోకపోతే, తర్వాత ఏం మార్చినా "బాగుపడినట్టే ఉంది" అనిపిస్తుంది. పోయినసారి నాకు జరిగింది అదే. కంపెనీ స్పీకర్లు పీకేసి ఖరీదైనవి పెట్టించుకున్నాను. వారం రోజులు మురిసిపోయాను. ఎనిమిదో రోజు నుంచి మళ్లీ అదే డబ్బా మోత. ఇన్నాళ్లూ ఆ స్పీకర్లనే తిట్టుకుంటూ తిరిగాను.

రాసుకున్నవి ఇవి. పాడేవాళ్ల గొంతు ఎదురుగా కాకుండా నా కుడి మోకాలి దగ్గర నుంచి వస్తోంది. మృదంగం ఎడమవైపు దెబ్బ "తోం" అని నిండుగా మోగాల్సింది పోయి "టప్" మంటోంది. వయొలిన్ పైస్థాయికి వెళ్లినప్పుడల్లా చెవిలో గుచ్చుతోంది. వాల్యూమ్ కాస్త పెంచితే డ్రైవర్ తలుపులో ఏదో గిరగిరమంటోంది.

దిగి తలుపు రేకు మీద వేలి కణుపుతో తట్టాను. ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టు "టంగ్"మంది. ఆ మోత వెంటనే ఆగలేదు కూడా. అప్పుడు వెలిగింది. ఇంట్లో స్పీకరు తన పెట్టెతో పాటే వస్తుంది. ఆ పెట్టె కొలతలు ఎవరో ఇంజనీరు కూర్చుని లెక్కేసి ఉంటాడు. కారు స్పీకరుకి పెట్టె ఉండదు. మనం దాన్ని బిగించే తలుపే దాని పెట్టె. ఆ పెట్టెకి పల్చటి రేకు, నిండా కంతలు, లోపల అద్దం, తాళం కడ్డీలు, కింద నీళ్లు పోయే రంధ్రాలు. స్పీకరు కోన్ ముందుకి గాలిని నెట్టినప్పుడు వెనక గాలిని లాగుతుంది. వెనకవైపు అల ఆ కంతల్లోంచి ముందుకి వచ్చి ముందువైపు అలని కొట్టేస్తుంది. మొదట పోయేది బాస్. అంటే నా "టప్"కి కారణం స్పీకరు కాదు.

ప్లాను మార్చాను. ముందున్న స్పీకర్లు అవే ఉంటాయి: తలుపుల్లో 6.5 అంగుళాల వూఫర్లు (కింది, మధ్య శబ్దాలకి), అద్దం పక్క స్తంభాల్లో ట్వీటర్లు (సన్నటి పై శబ్దాలకి). వాటికి తోడు ఒక ఐదు ఛానెళ్ల యాంప్, ఒక డీఎస్పీ (ఏ స్పీకరుకి ఏ శబ్దం, ఎప్పుడు, ఎంత వెళ్లాలో చూసే డిజిటల్ పరికరం), డిక్కీలో బాస్ కోసమే 10 అంగుళాల సబ్. వెనక తలుపుల స్పీకర్లు ఆపేస్తున్నాను. కచేరీలో పాటగాడు మన వీపు వెనక కూర్చోడు కదా.

రెండో వారం: తలుపు పని

తమ్ముడిని సాయానికి పిలిచాను. డోర్ ప్యానెల్ తీయడం ధైర్యం పరీక్షే. హ్యాండిల్ గూట్లో ఒక స్క్రూ, చేయి పెట్టుకునే చోట ఒకటి, మిగతావన్నీ ప్లాస్టిక్ క్లిప్పులు. "లాగన్నా, ఏం కాదు" అన్నాడు వాడు. లాగాను. మూడు క్లిప్పులు విరిగాయి. ఎవరైనా చేసుకునేట్టుంటే పది క్లిప్పులు ముందే కొని పెట్టుకోండి. పాతవి ఎండకి బిస్కెట్లలా అయిపోయి ఉంటాయి.

లోపల పోయినసారి బిగించినవాళ్ల పనితనం బయటపడింది. స్పీకరు వైర్లు కంపెనీ వైర్లకి మెలితిప్పి పైన ఇన్సులేషన్ టేపు చుట్టేశారు. ఎండకి టేపు జిగురు కారి ఊడిపోతోంది. స్పీకరు కింద రింగు లేదు. నాలుగు స్క్రూల్లో రెండే పట్టుకుని ఉన్నాయి. గిరగిర ఎక్కడిదో తెలిసింది.

రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి డ్యాంపింగ్ షీట్లు అంటించాను. ఇవి చూడ్డానికి నల్లటి జిగురు ముద్ద మీద అల్యూమినియం రేకు అంటించినట్టు ఉంటాయి. ఆ జిగురు బ్యూటైల్ రబ్బరు. రేకు కంపించినప్పుడు, పైన గట్టిగా ఉన్న అల్యూమినియానికీ కింది రేకుకీ మధ్య ఈ బ్యూటైల్ నలుగుతుంది. ఆ నలుగుడులో కంపనం కాస్తా పిసరంత వేడిగా మారిపోతుంది. అంతే దాని పని. ఇది శబ్దాన్ని అడ్డుకునే గోడ కాదు, రేకు మోగకుండా ఆపేది. అందుకే తలుపంతా కప్పక్కర్లేదు. రేకులో పావు వంతు నుంచి మూడో వంతు వరకు, అదీ బల్లపరుపుగా ఉన్న మధ్య భాగంలో అంటిస్తే ఫలితంలో చాలా భాగం వచ్చేస్తుంది. మిగతా షీట్లు బరువు పెంచడానికే. అయితే ఉన్నంత మేర గాలి బుడగ లేకుండా అతకాలి. చిన్న ఇనుప రోలర్‌తో షీటు మీది గళ్ల అచ్చు అణిగిపోయేదాకా రుద్దాం. తమ్ముడి అరచేతిలో బొబ్బ లేచింది.

ఆ తర్వాతి పని ఇంకా ముఖ్యం: లోపలి రేకుకున్న పెద్ద కంతలు మూయడం. అసలు అక్కడ ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు మాత్రమే ఉంది. అది వాన నీళ్లని ఆపుతుంది కానీ గాలిని ఆపదు. అల్యూమినియం రేకు కంతల సైజుకి కత్తిరించి, అంచులకి బ్యూటైల్ తాడు పెట్టి నొక్కేశాను. రెండు జాగ్రత్తలు తీసుకున్నాను. తాళం కడ్డీకి ఏదీ తగలకుండా చూశాను. తలుపు అడుగున నీళ్లు బయటికి పోయే రంధ్రాల జోలికి అస్సలు వెళ్లలేదు. అవి మూసుకుపోతే తలుపు బకెట్టు అవుతుంది, ఆ తర్వాత తుప్పు.

స్పీకరు కింద రింగు 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో (చెక్క నారని జిగురుతో అదిమి చేసే పలక) కోశాను. తడి తగిలితే ఎండీఎఫ్ ఉబ్బుతుంది కాబట్టి రెండు పూతల పెయింటు వేశాను. బిగించే ముందు తమ్ముడు అద్దం కిందికి దించమన్నాడు. మంచి పని చేశాడు. అద్దం పూర్తిగా దిగితే స్పీకరు అయస్కాంతానికీ దానికీ మధ్య సందు చిటికెనవేలంత మాత్రమే ఉంది. 

మళ్లీ వేలి కణుపుతో తట్టాను. "ధప్". అంతే. చెక్క తలుపు మీద కొట్టినట్టు. వాడు రెండోవైపు ఇంకా షీట్లు వేయని తలుపు మీద తట్టి, మళ్లీ ఇటొచ్చి తట్టి, "ఇదే కారా అన్నా?" అన్నాడు. పాత స్టీరియోకే, పాత స్పీకర్లకే కలిపి మృదంగం పెట్టాను. "తోం" వచ్చింది. పూర్తిగా కాదు గానీ వచ్చింది. ఒక్క కొత్త వస్తువు కూడా ఇంకా బిగించలేదు!

మూడో వారం: కరెంటు

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాకే ఏదైనా. యాంప్ నాలుగు ఛానెళ్లకి 75 వాట్ల చొప్పున, సబ్‌కి 300 వాట్లు, అన్నీ ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే పవరు) లెక్కే. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే "మ్యాక్స్ పవర్"ని నేను చదవను కూడా చదవను. మొత్తం 600 వాట్లు. కరెంటు తక్కువ వృథా చేసే క్లాస్ డీ రకం యాంప్ కాబట్టి దాదాపు 80 శాతం సామర్థ్యం అనుకుంటే బ్యాటరీ నుంచి 750 వాట్లు లాగాలి. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులు అనుకుంటే 54 ఆంపియర్లు. 4 గేజ్ రాగి వైరు, 80 ఆంపియర్ల ఫ్యూజు తీసుకున్నాను. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా అదే 4 గేజ్ పేరుతో దొరుకుతుంది, అది అంత కరెంటు మోయదు. కొసని గీరి చూస్తే లోపల తెల్లగా కనబడుతుంది.

ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఈ ఫ్యూజు యాంప్‌ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. యాంప్‌కి దాని సొంత ఫ్యూజులు ఉన్నాయి. ఇది వైరు కోసం. బానెట్ నుంచి డిక్కీ దాకా వెళ్లే దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని రేకుకి తగిలితే బ్యాటరీలో ఉన్న శక్తి అంతా ఆ చోట మంటగా వస్తుంది. ఫ్యూజు డిక్కీలో పెడితే మధ్యలో ఉన్న వైరుకి కాపలా ఎవరు? ఇంజను గదికీ లోపలికీ మధ్య ఉన్న రేకులోంచి వైరు దూర్చేచోట రబ్బరు బుష్ తప్పనిసరి. ఉత్త రేకు అంచు కత్తి లాంటిది.

పవర్ వైరు ఎడమవైపు గుమ్మం కింద నుంచి, పాట సిగ్నల్ మోసే ఆర్‌సీఏ వైర్లు కుడివైపు నుంచి. ట్వీటర్లని నేరుగా యాంప్‌కి కలుపుతున్నాను కాబట్టి ఒక్కొక్కదానికి వరుసలో 47 మైక్రోఫ్యారడ్ల కెపాసిటర్ పెట్టాను. 4 ఓమ్‌ల ట్వీటర్‌కి అది సుమారు 850 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని తగ్గిస్తూ పోతుంది. నేను డీఎస్పీలో పెట్టబోయే 3,000 హెర్ట్జ్ కోతకి (ఆ పై శబ్దాలే ట్వీటర్‌కి వెళ్లాలనే హద్దు) ఇది అడ్డు రాదు. ఎప్పుడైనా సెట్టింగు పొరపాటైతే మాత్రం ట్వీటరు బతుకుతుంది.

సాయంత్రం ఆరింటికి మొదటిసారి ఆన్ చేశాం. శబ్దం వచ్చింది. ఇంజను స్టార్ట్ చేశాం. "కుయ్‌య్..." అని ఇంకో శబ్దం వచ్చింది. యాక్సిలరేటర్ నొక్కితే ఆ కూత పైకి, వదిలితే కిందికి. ఈ రోజుకి చాలు అనుకుని తాళం వేసి వచ్చేశాను.

నాలుగో వారం: కూత

వారమంతా ఆ కూతే తలలో తిరిగింది. అదెక్కడ పుడుతుందో తెలుసు. ఆల్టర్నేటర్ తయారుచేసేది మూడు ఫేజుల ఏసీ కరెంటు. డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి కానీ చిన్న అలలు మిగిలిపోతాయి. ఇంజను వేగంతో పాటు ఆ అలల వేగం మారుతుంది. పుట్టేది అక్కడైతే, నా స్పీకర్లలోకి దూరింది ఎలా అన్నదే ప్రశ్న.

సిగ్గుపడుతూ రాస్తున్నాను: మొదటి మూడు గంటలు ఆర్‌సీఏ వైర్లు మార్చడంలో పోయాయి. ఇంకా మందం ఉన్నవి, ఇంకా మెరిసేవి. కూత అలాగే ఉంది. తర్వాత బుద్ధిగా ఒక్కొక్కటీ విడదీయడం మొదలుపెట్టాను. యాంప్ నుంచి ఆర్‌సీఏ పీకేసి, యాంప్ ఇన్‌పుట్‌లని షార్ట్ చేసే చిన్న ప్లగ్గులు పెట్టాను. నిశ్శబ్దం. అంటే యాంప్ అమాయకురాలు. మళ్లీ డీఎస్పీ కలిపి, పాటలిచ్చే ఫోను తీసేసి చూశాను. కూత. అంటే తేడా డీఎస్పీకీ యాంప్‌కీ మధ్యలోనే ఉంది.

డీఎస్పీ గ్రౌండు (కారు రేకు గుండా కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే వైరు) డ్యాష్‌బోర్డు వెనక ఒక స్క్రూకి ఇచ్చాను, యాంప్ గ్రౌండు డిక్కీలో ఒక బోల్టుకి. మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి, పొడుగు వైరు సాయంతో ఒక మొన బ్యాటరీ నెగటివ్‌కీ, ఇంకోటి యాంప్ గ్రౌండుకీ ఆనించాను. ఇంజను నడుస్తూ, లైట్లు వెలుగుతూ, పాట మోగుతూ ఉండగా 0.31 వోల్టులు. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోట ఇది చాలా ఎక్కువ. రెండు గ్రౌండ్లూ ఒకే వోల్టేజీ దగ్గర లేవు. ఆ తేడాని భర్తీ చేయడానికి కరెంటు ఆర్‌సీఏ వైరు పైపొర గుండా ప్రయాణిస్తోంది, ఆల్టర్నేటర్ అలల్ని వెంటబెట్టుకుని.

డిక్కీలో బోల్టు విప్పి చూస్తే విషయం కళ్లముందే ఉంది. లగ్గు (వైరు కొసకి ఉండే లోహపు ఉంగరం) కింద నిగనిగలాడే కంపెనీ పెయింటు. నేనే గీకడం మర్చిపోయాను. శాండ్ పేపర్‌తో రూపాయి బిళ్లంత మేర తెల్లటి రేకు తేలేదాకా రుద్ది, లగ్గు బిగించి, పైన తుప్పు పట్టకుండా పెయింటు పూశాను. డీఎస్పీ గ్రౌండు కూడా తెచ్చి అదే బోల్టుకి ఇచ్చాను. ఇప్పుడు 0.04 వోల్టులు. ఇంజను స్టార్ట్. తమ్ముడు వెనక సీట్లో కళ్లు మూసుకుని విన్నాడు. "ఏసీ శబ్దం తప్ప ఏం లేదన్నా."

కూత పోయాక ఇంకోటి తెలిసింది: బాస్ మధ్యలో నిలబడటం లేదు, గాల్లో కలిసిపోయినట్టుంది. ఈసారి తొందరపడలేదు. 1.5 వోల్టుల సెల్ తీసుకుని, యాంప్ వైపు నుంచి స్పీకరు వైర్లు విప్పి, ప్లస్‌కి ప్లస్ ఆనించి కోన్ వైపు చూశాను. కుడి కోన్ బయటికి దూకింది. ఎడమది లోపలికి పోయింది. ఎడమ తలుపులో వైర్లు తారుమారయ్యాయి. ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగుతోంది. రెండు నిమిషాల పని.

ఐదో వారం: సబ్ పెట్టె

సీల్డ్ పెట్టె, అంటే గాలి పోకుండా పూర్తిగా మూసినది. సబ్ తయారీదారు చెప్పిన లెక్క సుమారు 21 లీటర్లు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, బయటి కొలతలు 38, 32, 27.6 సెంటీమీటర్లు. లోపల 23.4 లీటర్లు వస్తుంది. సబ్ వెనక భాగం రెండు లీటర్లు తింటుంది. మిగిలింది సరిపోతుంది. జిగురు, స్క్రూలు, లోపల మూలలకి సిలికాన్. పోర్టు (గాలి గొట్టం) ఉన్న పెట్టె ఇంకా గట్టిగా మోగుతుంది, నిజమే. కానీ కారులో సీల్డ్ పెట్టెకి ఒక వరం ఉంది. కారు లోపలి పొడవు సుమారు 2.7 మీటర్లు. అల సగం కూడా ఆ పొడవులో పట్టనంత పెద్దదైపోయాక, అంటే సుమారు 63 హెర్ట్జ్ కింద, శబ్దం గదిలో ప్రయాణించడం మానేసి మొత్తం గాలిని ఒకేసారి నొక్కడం మొదలుపెడుతుంది. దాంతో కిందికి వెళ్లేకొద్దీ శబ్దం పెరుగుతుంది. సీల్డ్ పెట్టెలో సబ్ కిందికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఇది అటు, అది ఇటు. రెండూ దాదాపు చెల్లుకు చెల్లు.

ఆరో వారం: గెయిన్

యాంప్ మీద ఉండే గెయిన్ నాబ్ వాల్యూమ్ కాదు. వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని జతచేసే నాబ్ అది. ఎక్కువ తిప్పితే యాంప్ ఇవ్వగలిగిన దానికంటే పెద్ద అలని అడుగుతాం, అల తలలు తెగిపోతాయి. తెగిన తలల్లోంచి పుట్టే అదనపు పై శబ్దాలు ట్వీటర్లని మాడుస్తాయి.

లెక్క తేలిక. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు. 75 ఇంటూ 4 అంటే 300, వర్గమూలం 17.3. సబ్‌లోని 4 ఓమ్‌ల కాయిల్స్ రెండూ సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు. 300 ఇంటూ 2, వర్గమూలం 24.5. స్పీకరు వైర్లు విప్పేసి, యాంప్ దగ్గర మల్టీమీటర్ ఏసీలో పెట్టి, టెస్ట్ టోన్ (ఒకే స్థాయిలో సాగే శబ్దం) వేసి, ఆ అంకె వచ్చేదాకా నాబ్ తిప్పడమే. చాలామంది 1,000 హెర్ట్జ్ టోన్ వాడమంటారు. చవక మల్టీమీటర్లు ఏసీని 50 హెర్ట్జ్ చుట్టుపక్కల బాగా చూపిస్తాయి, పైకి వెళ్తే తడబడతాయి. నేను డీఎస్పీలో ఫిల్టర్లు తీసేసి తలుపులకి 100 హెర్ట్జ్, సబ్‌కి 50 హెర్ట్జ్ వాడాను. నాబ్ సగం కూడా తిరగలేదు. "ఇంకా చాలా ఉంది కదన్నా" అన్నాడు వాడు. లేదు, అంతే ఉంది.

కంపెనీ స్టీరియో గురించి ఒక మాట. వాల్యూమ్ పెంచేకొద్దీ అది తనంతట తానే బాస్ తగ్గిస్తోంది. చిన్న స్పీకర్లు చిరగకుండా కంపెనీ పెట్టుకున్న ఏర్పాటు అది. అందుకని పాటలు ఫోను నుంచి యూఎస్‌బీ వైరుతో నేరుగా డీఎస్పీకే ఇస్తున్నాను. స్టీరియో ఇక రివర్స్ కెమెరాకి మాత్రమే.

ఏడో వారం: టేపు పట్టుకుని

ఈ రోజు కోసమే ఇదంతా. నాది కుడివైపు స్టీరింగు. డ్రైవర్ సీట్లో తల ఆనించి కూర్చున్నాను. తమ్ముడు నా ముక్కు దగ్గర నుంచి ఒక్కో స్పీకరుకి టేపు లాగి చదివాడు: కుడి ట్వీటరు 82 సెంటీమీటర్లు, కుడి వూఫరు 92, ఎడమ ట్వీటరు 118, ఎడమ వూఫరు 136, సబ్ 165.

శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. కుడి వూఫరు శబ్దం ఎడమ దానికంటే 1.28 మిల్లీసెకన్లు ముందే నా చెవిని చేరుతోంది. చెవికి ఇది చాలు. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే, ముందు చేరినవైపే అది ఉందని మెదడు తీర్మానిస్తుంది. 1949లో హెల్ముట్ హాస్ ఈ ముందు వెనకల మీదే తన పరిశోధన రాశాడు. నా కుడి మోకాలి దగ్గర పాటగాడు కూర్చోవడానికి ఇదీ కారణం. ఇంకో నష్టమూ ఉంది. ఆ 44 సెంటీమీటర్ల తేడా 390 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా సగం అల. ఒకటి నెట్టే సమయానికి ఇంకోటి లాగుతుంది. అందుకే గొంతుల్లో దిట్టదనం కారిపోయేది.

అందరికంటే దూరంగా ఉన్న సబ్‌ని వదిలేసి, మిగతావాటి శబ్దాన్ని డీఎస్పీలో ఇంతింత ఆలస్యం చేశాను: ఎడమ వూఫరు 0.85 మిల్లీసెకన్లు, ఎడమ ట్వీటరు 1.37, కుడి వూఫరు 2.13, కుడి ట్వీటరు 2.42. కోతలు 80 (సబ్‌కీ వూఫర్లకీ మధ్య), 3,000 హెర్ట్జ్ (వూఫర్లకీ ట్వీటర్లకీ మధ్య) దగ్గర, లింక్‌విట్జ్–రైలీ రకం ఫిల్టర్లు, ఆక్టేవ్‌కి (హెర్ట్జ్ రెట్టింపు లేదా సగం అయిన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ తగ్గేలా.

పాట పెట్టి కళ్లు మూసుకున్నాను. డీఎస్పీలో డిలే (ఆ ఆలస్యాలన్నీ) ఆఫ్. గొంతు మోకాలి దగ్గర. ఆన్. గొంతు లేచి వచ్చి డ్యాష్‌బోర్డు మీద, స్టీరింగుకి కాస్త ఎడమగా, అద్దం ఎత్తులో నిలబడింది. ఆఫ్. ఆన్. ఇలా ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఆ ఎడమ వెనకాల ఎక్కడో తంబురా ఉందని ఈ రికార్డింగులో ఇన్నేళ్లలో నాకు తెలియనే తెలియదు.

సబ్ మాత్రం టేపుకి లొంగలేదు. ఫిల్టర్లూ, సబ్ పెట్టె కూడా తమవంతు ఆలస్యం కలుపుతాయి, అవి టేపు మీద కనబడవు. దానికి తిరగేసి వెతికే పద్ధతి పట్టాను. సబ్ పొలారిటీ (ప్లస్, మైనస్) ఉల్టా చేసి, 80 హెర్ట్జ్ టోన్ వేసి, ముందు స్పీకర్లన్నిటికీ కలిపి ఆలస్యం పెంచుకుంటూ పోయాను. ఇంకో 2.6 మిల్లీసెకన్లు కలిపినప్పుడు టోన్ దాదాపు మాయమైంది. పూర్తిగా కొట్టేసుకుంటున్నాయంటే, తిరిగి సరిచేస్తే పూర్తిగా కలుస్తాయి. పొలారిటీ మామూలుకి తెచ్చాను. డిక్కీలో ఉన్న సబ్ డిక్కీలో లేదు. మృదంగం నా ఎదురుగానే మోగుతోంది.

ఎనిమిదో వారం: ఈక్వలైజర్

కొలిచే మైకు, ల్యాప్‌టాప్, పింక్ నాయిస్ (అన్ని స్థాయిల శబ్దాలూ కలిసిన "హుష్" మోత). తల చుట్టూ ఆరు చోట్ల కొలిచి సగటు తీశాను. ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంత గట్టిగా ఉందో చూపే గీత కొండలూ లోయలూగా వచ్చింది. నియమం ఒక్కటే పెట్టుకున్నాను: కొండలు కొడతాను, లోయలు పూడ్చను.

అయినా చేయి ఊరుకోలేదు. కుడి తలుపులో 140 హెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్స్ లోయ ఉంటే దాన్ని 6 డెసిబెల్స్ ఎత్తి చూశాను. గీత కదల్లేదు. కోన్ మాత్రం పిచ్చెక్కినట్టు ఊగింది. 6 డెసిబెల్స్ అంటే నాలుగు రెట్ల పవరు, అదంతా చిల్లుకుండలో పోసిన నీళ్లే. అక్కడ శబ్దం తక్కువగా పుట్టడం లేదు, పుట్టింది ఎక్కడో తగిలి తిరిగొచ్చి తనని తానే కొట్టేసుకుంటోంది. ఎంత పోస్తే అంత కొట్టేసుకుంటుంది. వదిలేశాను.

కుడి ఎడమలు ఒకదానికొకటి సరిపోయేలా విడివిడిగా కోశాను. బాస్‌ని మధ్య శబ్దాల కంటే 8 డెసిబెల్స్ ఎత్తులో ఉంచి, పైకి వెళ్లేకొద్దీ గీతని నెమ్మదిగా వాల్చాను. కారు కదిలితే టైర్ల మోత ముందు మింగేది బాస్‌నే, అందుకు ఆ ఎత్తు. వయొలిన్ గుచ్చుకున్న చోటు 3,200 హెర్ట్జ్ దగ్గర దొరికింది. మనిషి చెవి బాగా చురుగ్గా ఉండేది 2,000 నుంచి 5,000 మధ్యే. అక్కడ రెండున్నర డెసిబెల్స్ తీశాను. వయొలిన్ అదే, గుచ్చడం లేదు.

ఈ మధ్య పాత సంగతులు చదువుతుంటే నవ్వొచ్చింది. 1956లో క్రైస్లర్ కార్లలో డ్యాష్‌బోర్డు కింద ఏకంగా రికార్డు ప్లేయరే పెట్టారు. నిమిషానికి 16⅔ సార్లు తిరిగే ప్రత్యేకమైన రికార్డులు దానికి. కదిలే బండిలో సూదిని గాడిలో నిలబెట్టాలని చూసినవాళ్ల ముందు నా తంటాలు ఏపాటివి!

వాల్యూమ్ ఎంత అని అందరూ అడుగుతారు. కొలిచాను. నేను వినేది 78 నుంచి 82 డెసిబెల్స్ మధ్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే. ఇంత వాట్లు పెట్టింది గట్టిగా వినడానికి కాదు. ఒక్క దెబ్బ పడినప్పుడు ఆ క్షణానికి అల తెగకుండా ఉండటానికి.

తొమ్మిదో వారం: నాన్న, 43 హెర్ట్జ్

నాన్నని పక్క సీట్లో కూర్చోబెట్టి గర్వంగా పాట పెట్టాను. అర నిమిషం విని, "ఏంట్రా, పాటంతా ఈ తలుపులో పెట్టావు?" అన్నారు. నిజమే. ఆయన ఎడమ స్పీకర్లకి దగ్గర, పైగా నేను కుడి వాటిని ఆలస్యం చేసి ఉంచాను. నాకు సరిచేసిన ప్రతి మిల్లీసెకనూ ఆయనకి రెండింతలు చెడింది. డీఎస్పీలో రెండో ప్రీసెట్ (దాచిపెట్టుకునే సెట్టింగు) చేశాను. కుడి ఎడమల మధ్య ఆలస్యం తీసేసి, లెవెల్స్ సమానం చేసి, సబ్ అలాగే ఉంచి. ఇద్దరికీ ఓ మాదిరిగా ఉంటుంది. ఎవరికీ గొప్పగా ఉండదు. "ఇప్పుడు ఫర్వాలేదు" అన్నారు. నేను దిగగానే ఆయన డ్రైవర్ సీట్లోకి మారి, మొదటి ప్రీసెట్ ఏ బటనో అడిగారు.

చివరగా అదురుళ్లు. బాస్ సరిగ్గా వచ్చాక కారులో వదులుగా ఉన్నవన్నీ మాట్లాడటం మొదలుపెట్టాయి. ఫోనులో టోన్ జనరేటర్ పెట్టి 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా ఎక్కించాం. 57 దగ్గర నంబర్ ప్లేటు: వెనక ఫోమ్ టేపు పెట్టాం. 71 దగ్గర సీటు బెల్టు బకిల్ స్తంభానికి కొట్టుకుంటోంది. 118 దగ్గర వెనక అద్దం కింది అరలో ఎప్పుడో పడేసిన పెన్ను.

43 హెర్ట్జ్ దగ్గర ఒకటి మిగిలింది. సన్నగా, పళ్లు కొరికినట్టు. బాస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ కాబట్టి దాన్ని వదిలేయడానికి లేదు. గంటన్నర నుంచి వెతుకుతున్నాం. డ్యాష్‌బోర్డు నొక్కాం, పైకప్పు నొక్కాం, స్పేర్ టైరు తీసి బయటపెట్టాం. ఇప్పుడు తమ్ముడు వెనక సీటు మడిచి, టార్చి నోట్లో పెట్టుకుని డిక్కీలోకి పాక్కుంటూ వెళ్లాడు. లోపల నుంచి గొంతు వినబడుతోంది.

"అన్నా, ఇంకోసారి వాయించు. ఈసారి కాస్త గట్టిగా."